గురుడి పక్కన నాలుగు చుక్కలు

మొన్న సాయంత్రం గుడివాడలో మా అన్నయ్య కూతురు మా డాబా మీద టెలిస్కోపు పెట్టింది. డబ్బాలోంచి తీసి మూడు కాళ్ళూ బిగించడం, కన్ను పెట్టేచోట ఫోను తగిలించడం అంతా అరగంటలో అయిపోయింది. నేను కుర్చీలో కూర్చుని కాళ్ళ మీద దోమల్ని కొట్టుకుంటూ చూస్తున్నాను. గురుగ్రహాన్ని పట్టుకుని ఫోటో నొక్కింది. "అత్తా, భలే వచ్చింది చూడు. పక్కన ఏవో మచ్చలు పడ్డాయి, తీసేయనా అని ఫోనే అడుగుతోంది" అంది. దాని వేలు అప్పటికే ఆ గుర్తు మీదికి వెళ్తోంది.

నేను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. దాని చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేశాను. పిల్ల హడలిపోయింది. అవి మచ్చలు కావనీ, గురుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాలనీ చెప్పి, నాలుగూ ఉన్నాయో లేవో లెక్కపెట్టుకుని కిందికి దిగి వచ్చేశాను. ఎందుకంత కంగారు పడ్డానో దానికి చెప్పలేదు. చెప్పాలంటే బందరు దాకా వెళ్ళాలి, నా పన్నెండో ఏటి వేసవి దాకా వెళ్ళాలి.

ఏటా పరీక్షలయిన మర్నాడే మా నాన్న నన్ను ఎవరో తెలిసినవాళ్ళకి అప్పజెప్పి బందరు ప్యాసింజరు ఎక్కించేవాడు. పెడన దగ్గర కిటికీలోంచి చూస్తే కాలవ గట్ల మీద అద్దకం చీరలు ఆరేసి ఉండేవి. రంగులు ఉడికే వగరు వాసన పెట్టెలోకి వచ్చేది. అది దాటాక గాలిలో ఉప్పు తగిలేది, అంటే పెదనాన్న ఇల్లు దగ్గరికొచ్చేసిందన్నమాట. ఆయన స్టేషన్లో సైకిలుతో నిలబడి ఉండేవాడు. ఆ ఏడు మాత్రం ఆయన రాలేదు, రిక్షా కట్టించుకుని పెద్దమ్మ వచ్చింది. బండి చీకటి పడ్డాక వచ్చిందనీ, చీకటి పడితే పెదనాన్నకి దారి కనబడటం లేదనీ ఆవిడ రిక్షాలో చెప్పింది.

పెదనాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. పిల్లలు లేరు. ఉన్న ఒక్క పిచ్చీ ఆ టెలిస్కోపు. దాని అద్దం దివిసీమ నుంచి వచ్చింది. ఉప్పెన వచ్చి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఆయన సాయానికి వెళ్ళి నెలరోజులు అక్కడే ఉన్నాడట. తిరిగొచ్చేటప్పుడు చేపలు పట్టే ఒక పల్లెకారు ముసలాయన, ఇవ్వడానికి ఇంకేమీ మిగలక, ఒడ్డుకు కొట్టుకొచ్చిన లాంచీ తాలూకు గుండ్రటి కిటికీ అద్దం చేతిలో పెట్టాడట. ఆ మందపాటి అద్దాన్ని పెదనాన్న రెండేళ్ళు వసారాలో కూర్చుని ఇసకతో అరగదీసి, నున్న చేసి, వెండి పూత పూశాడు. ఉప్పుగాలికి ఆ పూత ఏటా నల్లబడేది, ఆయన ఏటా మళ్ళీ పూసేవాడు. రేకు గొట్టం అడుగున ఆ అద్దం ఉండేది. గొట్టం కింద చెక్క దిమ్మ, దిమ్మ కింద మా నాయనమ్మ పాత రుబ్బురోలు. కరెంటు గ్రైండరు వచ్చాక ఆ రోలుని డాబా ఎక్కించడానికి నలుగురు మనుషులు పట్టారు. రోలు గుంటలో దిమ్మ చక్కగా తిరిగేది. ఎంత గాలి వీచినా గొట్టం కదిలేది కాదు.

రోలు పోయిందని నాయనమ్మకి కోపం. ఆ కోపం మీద ఏ గ్రహాన్నీ ఊరికే వదిలేది కాదు. తెల్లవారుజామున శని కూడా కనబడతాడు, చుట్టూ వలయంతో అందంగా ఉంటాడు, ఒక్కసారి చూడమ్మా అని పెదనాన్న బతిమాలితే, ముగ్గు చిప్ప పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "మనం వాణ్ణి చూస్తే వాడు మనల్ని చూడడూ? అక్కర్లేదు నాయనా, వాడు ఇన్నాళ్ళూ చూసింది చాలు" అంది. అలా శని మా ఇంట్లోకి రాకుండా పోయాడు. గురుడి విషయంలో మాత్రం ఆవిడకి అభ్యంతరం లేదు. ఆయన చూపు మంచిదే.

పెదనాన్నది రేచీకటి. బెజవాడ డాక్టరు కంటి వెనక పొర ఎండిపోతోందనీ, దానికి మందు లేదనీ చెప్పాడు. ముందు రాత్రి చూపు పోతుంది, కొన్నేళ్ళకి పగలు కూడా పోవచ్చు. ఈ మాట పెద్దమ్మ ఆవకాయకి ముక్కలు తుడుస్తూ, ఎవరికో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పింది. వసారా అంతా ఆవపిండి ఘాటు, అందుకని ఆవిడ కళ్ళు తుడుచుకుంటే నేను అనుమానించలేదు.

అప్పటికే ఆయనకి టెలిస్కోపులో గురుడు మసగ్గా ఒక పళ్ళెంలా కనబడేవాడు గానీ, పక్కనుండే నాలుగు చుక్కలూ కనబడటం మానేశాయి. పదేళ్ళకి పైగా ఆ నాలుగింటితో సాయంత్రాలు గడిపిన మనిషి. అవి రోజూ చోటు మారతాయి, ఒక్కోసారి ఒకటి గురుడి వెనక్కి వెళ్ళి దాక్కుంటుంది, మర్నాడు ఇటువైపు వస్తుంది. వాటి గురించి ఆయన మా పక్కింటి పిల్లల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. అందుకని ఆ వేసవి నాకో ఉద్యోగం ఇచ్చాడు. చీకటి పడగానే గొట్టంలో చూడాలి, చుక్కలు ఎక్కడెక్కడున్నాయో కాపీ పుస్తకంలో వేయాలి. ప్రతి రోజు రాతకీ కింద రెండు గీతల చోటు ఖాళీగా వదలాలి. ఎందుకంటే, చుక్క కనబడకపోతే కనబడలేదనే రాయాలి, ఎందుకు కనబడలేదో తర్వాత తెలిసినప్పుడు ఆ ఖాళీలో రాయాలి. అదీ చూడటంలో భాగమేనని ఆయన పట్టుదల.

వారం రోజులు బుద్ధిగా చేశాను. తర్వాత ఒక సాయంత్రం పక్కింట్లో టీవీలో సినిమా వస్తోందంటే గోడ దూకి వెళ్ళిపోయి, వచ్చాక నాలుగు చుక్కలూ నా ఇష్టం వచ్చిన చోట పెట్టేశాను. మర్నాడు పగటి వెలుగులో పెదనాన్న పుస్తకం తిరగేశాడు. ఒక చుక్క దగ్గర వేలు పెట్టి, ఇది ఒక్క రాత్రిలో ఇంత దూరం నడవదమ్మా అన్నాడు. అంతే, తిట్టలేదు. ఆ చుక్కలు కొట్టేయించి "చూడలేదు" అని రాయించాడు. కింద ఖాళీలో కారణం కూడా రాయించాడు: పక్కింట్లో సినిమా చూశాను. ఆ రాత నా దస్తూరీలోనే ఉండటం నాకు రెండు దెబ్బలు తిన్నదానికంటే ఎక్కువ నామోషీ అయింది.

ఫోటో ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. చీకట్లో కనబడనిది పగలు చూసుకోవాలంటే దాన్ని కాగితం మీదికి దింపాలి. పగటి చూపు ఉండగానే ఆ నాలుగింటినీ ఒక్కసారి ఎండలో పెట్టుకుని చూడాలని ఉందన్నాడు పెదనాన్న. ఆయన ఏదైనా కావాలని అడగటం మా ఇంట్లో ఎవరూ విని ఎరగరు. పెద్దమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుని, గురుడికి ఫోటో తీయాలి రమ్మని అప్పటికప్పుడు స్టూడియో బాబాయికి కబురు పెట్టింది.

స్టూడియో బాబాయి మాకు చుట్టం కాదు, వీధి వీధంతటికీ బాబాయి. కోనేరు సెంటరు దగ్గర ఆయన స్టూడియో. బందరులో ఆడపిల్లలకి సంబంధాలు చూస్తున్నారంటే ముందు ఆయన దగ్గరికి ఫోటోకి వెళ్ళేవాళ్ళు. భూతద్దం కింద నెగటివు పెట్టుకుని, సన్నటి కత్తితో కొన్ని గీకి, సూదిమొన పెన్సిలుతో కొన్ని దిద్ది, మొహాల మీద మొటిమలూ అమ్మవారి మచ్చలూ మాయం చేసేవాడు. నెగటివు మీద పని ఎంత నాజూకో, దాని మీద నల్ల చుక్క ఉంటే ఫోటోలో తెల్లగా ఎలా పడుతుందో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాడు. కలరు ల్యాబులు వచ్చాక ఆ కత్తికీ పెన్సిలుకీ పని తగ్గిపోయింది. పెదనాన్న ఆయన కొడుక్కి చదువు చెప్పాడు, అందుకని మాస్టారంటే ప్రాణం పెట్టేవాడు.

బాబాయి కెమెరా లెన్సు ఊడదీశాడు. పాత టార్చిలైటు గొట్టం కోసి, దాంతో కెమెరాని టెలిస్కోపుకి తగిలించి, నల్ల టేపు చుట్టాడు. లోపలికి చూసి, అలవాటు కొద్దీ, "కొంచెం గడ్డం పైకి" అన్నాడు. కెమెరా కంట్లోంచి చూస్తే గురుడొక్కడే కనబడేవాడు, అదీ మసగ్గా. బాబాయి ఉత్త గొట్టంలోంచి ఎప్పుడూ చూడలేదు. రోజంతా భూతద్దంలో చూసిన కళ్ళకి ఇంకో గొట్టం వద్దనేవాడు. ఇది నేను అప్పుడే పట్టించుకోవాల్సింది.

మొదటి రీలంతా పాడైంది. మీట నొక్కి పది అంకెలు లెక్కపెట్టేదాకా తెరిచి ఉంచామేమో, గురుడు తెల్లటి గీతలా సాగిపోయాడు. బాబాయి సిగ్గుపడుతూ అది చూపిస్తే, పెదనాన్న ఎండలోకి పట్టుకెళ్ళి చూసి తెగ సంబరపడ్డాడు. గురుడు కదల్లేదోయ్, ఇది మన భూమి తిరిగిన గీత అని వీధిలో వెళ్ళేవాళ్ళని కూడా పిలిచి చూపించాడు. రెండో రీలులో గీత చిన్నదైంది గానీ, మీట నొక్కిన ప్రతిసారీ కెమెరా అదిరి బొమ్మ చెదిరిపోయింది. అప్పుడు పెదనాన్నే ఉపాయం చెప్పాడు. గొట్టం మూతికి ఏదైనా అడ్డం పెట్టి, ముందు మీట నొక్కేసి, అదురు తగ్గాక అడ్డం తీసి మళ్ళీ పెట్టేయాలి. అడ్డానికి సరిపడా వెడల్పున్నది ఇంట్లో నాయనమ్మ చేట ఒక్కటే. చేటతో బియ్యం చెరుగుతారు గానీ గ్రహాలని చెరగడం తన పుట్టుకలో చూడలేదని ఆవిడ సణుగుతూనే ఇచ్చింది. ఎంతసేపు తీసి ఉంచాలన్నది కూడా చివరికి ఆవిడే తేల్చింది. రెప్పపాటు చాలదూ అంది.

రెప్పపాటే సరిపోయింది. మూడో రీలు సాయంత్రం గాలి లేదు. తాటి ముంజెలు తిన్న చేతులు కడుక్కుని నేను చేట పట్టుకున్నాను. బాబాయి రాకముందే గొట్టంలో చూసి పుస్తకంలో వేశాను: ఎడమ పక్క ఒకటి, కుడి పక్క మూడు, అన్నీ స్పష్టంగా. పెదనాన్న రుబ్బురోలు పక్కన కూర్చుని, చీకట్లో ఆకాశం ఉన్న వైపుకి మొహం తిప్పి, చేట తీశాననీ పెట్టాననీ నేను చెబుతుంటే వింటున్నాడు. అన్నీ అయ్యాక బాబాయి రీలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన సందు మలుపు తిరిగాక పెదనాన్నకి గుర్తొచ్చింది. "పరిగెత్తమ్మా. కడిగేటప్పుడు చుక్కలు జాగ్రత్త అని బాబాయితో చెప్పిరా" అన్నాడు.

పరిగెత్తాను. సెంటర్లో హల్వా కొట్టు దగ్గర అప్పుడే పెద్ద బూరెల మూకుడు దింపుతున్నారు. గోధుమపాలూ నెయ్యీ ఉడికిన వాసన. కొట్టాయన పెదనాన్న దగ్గర చదువుకున్నవాడే, నన్ను చూసి కాగితం మీద వేడివేడి ముక్క పెట్టాడు. ఊదుకుంటూ తిన్నాను. ఇంకో ముక్క పెట్టాడు. అదీ తిని స్టూడియో దగ్గరికి వెళ్ళేసరికి తలుపు మూసి, పైన ఎర్రలైటు వెలుగుతోంది. ఎర్రలైటు వెలిగితే తలుపు తట్టకూడదని బాబాయి కట్టడి. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను. ఇంటికొచ్చాక, చెప్పావా అని పెదనాన్న అడిగితే చెప్పానన్నాను.

పొద్దున్నే వెళ్ళాను. బాబాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఒక్కటి అద్భుతంగా వచ్చిందమ్మా. చుట్టూ దుమ్ము పడింది, నాలుగు చుక్కలు. మాస్టారి ఫోటో కదా, ప్రింటు మీద కాదు, నెగటివు మీదే గీకేశాను. ఇంత బుల్లి నెగటివు మీద ఎప్పుడూ కత్తి పెట్టలేదు తెలుసా" అని ప్రింటు చేతికిచ్చాడు. నల్లటి ఆకాశం, మధ్యలో కొంచెం కోడిగుడ్డులా సాగిన తెల్లటి గురుడు. చుట్టూ ఏమీ లేదు. మచ్చలేని మొహం.

నేను ఏడుస్తూ చెప్పాను. ఆయన కత్తిని నెమ్మదిగా డబ్బాలో పెట్టి మూత వేశాడు. "ముప్పై ఏళ్ళ బట్టీ ఇదే పని చేస్తున్నానమ్మా. ఉంచాల్సిన చుక్క ఉంటుందని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. చెప్పాల్సింది నేనేనని ఆయనతో కూడా అనలేకపోయాను. మిగిలిన బొమ్మలన్నీ చెదిరినవే. మళ్ళీ తీద్దామంటే ఆ సాయంత్రమే సముద్రం మీంచి మబ్బు పట్టింది. ఆ మర్నాడూ మబ్బే, ఆ పై మర్నాడు వాన. గురుడు రోజురోజుకీ పడమటికి దిగిపోతున్నాడు. నా బడి తెరిచే రోజు దగ్గరికొచ్చేసింది. పెదనాన్న రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ, ఫోటో అయిందటమ్మా అని మామూలుగా అడిగేవాడు. ఆ మామూలుతనం భరించలేకపోయాను.

నాలుగో రోజు కాపీ పుస్తకం గౌను కింద దాచుకుని స్టూడియోకి వెళ్ళాను. ఆ సాయంత్రపు పేజీ తీసి బాబాయి ముందు పెట్టాను. ఇది అబద్ధం అవదా అన్నాడాయన. నేను చూసిందే కదా అన్నాను. ఆయన తలుపు గడియ వేసి, పెన్సిలు మొన గరుకు కాగితం మీద అరగంట సానబట్టి, ఊపిరి బిగించి, నెగటివు మీద నాలుగు చుక్కలు పెట్టాడు. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క మూడు. మొటిమలు తీసే చెయ్యి కదా, ఎంత గుండ్రంగా పెట్టాడో.

నేను గుడివాడ వెళ్ళే రోజు పొద్దున పెదనాన్న ఎండలో కుర్చీ వేయించుకున్నాడు. తలకు పోసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్దమ్మ ఆవకాయ జాడీకి వాసెన కడుతున్నదల్లా ఆపి వచ్చి వెనక నిలబడింది. బాబాయి గుమ్మం దాటి లోపలికి రాలేదు. పెదనాన్న ఫోటో మీద భూతద్దం దగ్గరికీ దూరానికీ జరుపుతూ, ఒక్కో చుక్క దగ్గరా ఆగాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. మళ్ళీ వెనక్కి వచ్చి గురుడి దగ్గర ఆగాడు. మళ్ళీ చుక్కల దగ్గరికి వెళ్ళాడు. చివరికి భూతద్దం ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూశాడు.

"ఆ సాయంత్రం ఇవి నీ కళ్ళతో చూశావుగా?"

"చూశాను పెదనాన్నా."

"అయితే చాలు" అన్నాడు. నా తల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. నాయనమ్మ వచ్చి ఫోటో అంచున కుంకుమ బొట్టు పెట్టింది. బాబాయి అప్పుడు లోపలికొచ్చి మంచినీళ్ళడిగాడు. గండం గడిచిందనుకుని నేను హాయిగా రైలెక్కాను.

ఆ ఫోటో పటం కట్టించి ముందు గదిలో పెట్టారు. తర్వాతి వేసవుల్లో ఆయన పగటి చూపు కూడా అంచుల నుంచి తరిగిపోతూ వచ్చింది. చివరికి పటం ఎక్కడుందో చేత్తో తడిమి తెలుసుకునేవాడు. ఎవరొచ్చినా, "ఇవి మా పాప చూసిన చందమామలండీ" అని వేలు సరిగ్గా ఆ చోట్లలోనే పెట్టేవాడు. మా పాప తీసిన అని గానీ, బాబాయి తీసిన అని గానీ ఎప్పుడూ అనలేదు. ఆ తేడా నాకు తట్టనే లేదు. నేను పెద్దదాన్నయ్యాను, చదువులు, ఉద్యోగం, పెళ్ళి. చెబుదామని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. ఇప్పుడెందుకులే, సంతోషంగా ఉన్నాడు కదా అని మింగేశాను. ఆయన పోయాక బాబాయి స్టూడియో మూసేశాడు. ఇప్పుడా చోట సెల్ ఫోన్ల కొట్టు ఉంది. రుబ్బురోలు ఇల్లు కొన్నవాళ్ళ డాబా మీదే ఉండిపోయింది, దించడానికి ఈసారి నలుగురు మనుషులు దొరకలేదు. నాకు పటం వచ్చింది.

మొన్న రాత్రి డాబా దిగి వచ్చి పటం గోడ మీంచి తీశాను. చెమ్మకి వెనక అట్ట ఉబ్బి ఊడిపోతూ ఉంది. లాగితే చేతికొచ్చేసింది. ఫోటో వెనక పెదనాన్న దస్తూరీ. గీత తప్పి, ఒక అక్షరం మీద ఇంకోటి ఎక్కి, పటం కట్టించకముందే ఏ రాత్రో దీపం వెలుగులో రాసినట్టున్న పెద్ద పెద్ద అక్షరాలు. కూడబలుక్కుని చదివాను.

"గురుడు సాగి ఉన్నాడు. చుక్కలు గుండ్రంగా ఉన్నాయి. ఒకే రెప్పపాటులో అలా పడవు. గురుణ్ణి చూసింది కెమెరా. నాలుగు చుక్కలు చూసింది మా పాప. పుస్తకంతో సరిపోయాయి. కెమెరాలో చుక్కలు ఎందుకు లేవో తెలియదు. పాప చెప్పినప్పుడు రాయాలి."

కింద రెండు గీతలు కొట్టి, చోటు ఖాళీగా వదిలాడు.

అంటే ఆ పొద్దున్నే, ఆ ఎండలోనే ఆయనకి తెలిసిపోయింది. తెలిసీ నా తల మీద చెయ్యి వేసి, నా కోసం రెండు గీతల చోటు అట్టేపెట్టుకుని అన్నేళ్ళు ఎదురుచూశాడు. ప్రతి వేసవీ నేను ఆయన ఎదురుగా కూర్చుని మామిడిపండ్లు తిని వచ్చేశాను. ఒక్కసారి నోరు విప్పి ఉంటే ఎంత నవ్వేవాడో, పక్కింటి సినిమా సంగతి మళ్ళీ తీసి పెద్దమ్మకి ఎలా చెప్పేవాడో. ఆ నవ్వు నాది కావాల్సింది, పోగొట్టుకున్నాను.

పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆయన వదిలిన చోటు సరిగ్గా సరిపోయింది. హల్వా కొట్టు దగ్గర నిలబడిపోయాను పెదనాన్నా, బాబాయికి చెప్పలేదు.